పెట్టుబడిదారుల సదస్సుకు ముందు, ఆ రోజు, ఆ తర్వాత: అనంతపురం నుంచి బయలుదేరే టెక్నాలజీ స్టార్టప్‌లకు సమగ్ర మార్గదర్శి

పెట్టుబడిదారుల సదస్సులో ఎవరూ చెక్కు రాసివ్వరు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే, మొదటిసారి బెంగళూరు వెళ్ళి వచ్చిన రోజున నేను పడిన నిరాశలో సగం తగ్గేది. ఆరేడు నిమిషాలు మాట్లాడే అవకాశం, ఆపైన నాలుగైదు ప్రశ్నలు, టీ విరామంలో కొన్ని పరిచయాలు, ఆ పరిచయాల్లో ఒకటో రెండో మరుసటి వారం ఫోన్ల దాకా రావడం, సదస్సు ఇచ్చేది ఇంతే. అసలు నిర్ణయం ఆ తర్వాత నెలల తరబడి సాగే పరిశీలనలో జరుగుతుంది. ఆ పరిశీలనలో మనల్ని నిలబెట్టేవి సదస్సుకు రెండు మూడు నెలల ముందు ఇంటి దగ్గర కూర్చుని సర్దుకున్న కాగితాలు, లెక్కలు. అందువల్ల ఇక్కడ వేదిక మీద మాట్లాడే తీరు గురించి తక్కువగాను, వేదిక ఎక్కక ముందూ దిగిన తర్వాతా చేయవలసిన పనుల గురించి ఎక్కువగాను రాస్తున్నాను.

మాది బోరు మోటారును ఫోనుతో నడిపే పరికరాన్ని, దానికి అనుబంధంగా తోటలో నేల తడిని కొలిచే సెన్సారును తయారు చేసే చిన్న కంపెనీ. మా కొనుగోలుదారుల్లో ఎక్కువమంది నార్పల, గార్లదిన్నె, పుట్లూరు వైపు చీనీ (బత్తాయి) రైతులు. కాబట్టి ఉదాహరణలు అటు నుంచే వస్తాయి. సాఫ్ట్‌వేరు మాత్రమే చేసేవారు వాటిని తమ పనికి అన్వయించుకోవాలి. కర్నూలు, కడప వారికి ప్రయాణం ఒక్కటే వేరు, మిగిలినదంతా సమానమే.

మొదటి అడుగు: ఈ డబ్బు మనకు తగినదో కాదో తేల్చుకోవడం

వెంచర్ క్యాపిటల్ అప్పు కాదు, కంపెనీలో వాటా కొనడం. వడ్డీ ఉండదు, నెలవారీ కంతు ఉండదు, పొలం పాసుపుస్తకం ఎవరూ అడగరు. ఈ మూడూ విని మావైపు చాలామంది దీన్ని బ్యాంకు రుణం కంటే సులువైన సొమ్ముగా భావిస్తారు. కానీ ఫండు నడిపేవారు పెట్టేది చాలావరకు తమ సొంత డబ్బు కాదు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2012లో తెచ్చిన ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల నిబంధనల కింద నమోదైన ఇటువంటి ఫండులో ఒక్కో మదుపరి సాధారణంగా కనీసం కోటి రూపాయలు పెడతాడు. ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో ఫండును మూసి ఆ డబ్బును కొన్ని రెట్లు చేసి తిరిగి పంచవలసిన బాధ్యత నిర్వాహకులది.

ఇప్పుడు చిన్న లెక్క వేసి చూడండి. 100 కోట్ల ఫండు ఒకటి ఇరవై కంపెనీల్లో పెట్టిందనుకుందాం. వాటిలో కొన్ని మూతపడతాయి, కొన్ని పెట్టిన సొమ్మును మాత్రమే తిరిగి ఇస్తాయి, ఆ లోటునంతా ఒకటి రెండు కంపెనీలే పూడ్చాలి. చివరికి మీ కంపెనీలో ఆ ఫండుకు 15 శాతం వాటా మిగిలితే, మీ ఒక్క కంపెనీ ఆ 100 కోట్లను తిరిగి తేవాలంటే దాని విలువ దాదాపు 667 కోట్లకు చేరాలి. ‘మీ మార్కెట్ ఎంత పెద్దది’ అని వాళ్ళు పదే పదే అడగడం వెనుక ఉన్నది ఈ లెక్కే.

ఏడాదికి రెండు కోట్ల అమ్మకాలతో, ఇరవై మందికి జీతాలిస్తూ, లాభంలో నడిచే సంస్థ అనంతపురంలో గౌరవంగా బతికే సంస్థ. అయినా దానికి వెంచర్ డబ్బు నప్పదు. అలాంటివారు జిల్లా పరిశ్రమల కేంద్రం గడప తొక్కడం మేలు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద తయారీ యూనిట్లకు 50 లక్షల ప్రాజెక్టు వ్యయం దాకా రాయితీతో కూడిన రుణానికి వీలుంది. ముద్రా రుణ పరిమితిని 2024 బడ్జెట్‌లో, పాత రుణం సక్రమంగా తీర్చినవారికి, 20 లక్షలకు పెంచారు. ఇక నమూనా కూడా పూర్తికాని దశలో ఉన్నవారు ముందు తొలి దశ కంపెనీలకు చోటూ సలహాలూ ఇచ్చే ఇంక్యుబేటరు ఏదైనా చూసుకుని చేరాలి. రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రారంభించిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు అనంతపురంలోనూ కేంద్రం ఉంది.

రెండో అడుగు: ఏ సదస్సుకు వెళ్ళాలో ఎంచుకోవడం

అన్ని సదస్సులూ ఒకటి కావు. కర్ణాటక ప్రభుత్వం నవంబరులో నిర్వహించే బెంగళూరు టెక్ సమ్మిట్ వంటివి తిరునాళ్ళలాంటివి. ఒకసారి వెళ్ళి చూడాలి, నలుగురు ఏం చేస్తున్నారో తెలుసుకోవాలి, కానీ అక్కడ మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. 1992లో అమెరికాలోని సిలికాన్ వ్యాలీలో పుట్టిన టై అనే పారిశ్రామికవేత్తల సంఘానికి హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ శాఖలున్నాయి. అక్కడ పెట్టుబడిదారులతో పాటు ఇప్పటికే కంపెనీ నడిపి దెబ్బలు తిన్న పెద్దలు కూడా దొరుకుతారు. ఇంక్యుబేటర్లు తమ కంపెనీల కోసం జరిపే డెమో డేలు, సొంత డబ్బు పెట్టే ఏంజెల్ మదుపరుల బృందాలు కంపెనీల మాట వినే పిచ్ సమావేశాలు మూడో రకం. నా అనుభవంలో మొదటిసారి వెళ్ళేవారికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ముప్పై నలభై మందితో ఒకే రంగం మీద జరిగే చిన్న సమావేశం.

ఆహ్వానం అందగానే వచ్చే పెట్టుబడిదారుల జాబితా అడగండి. పేరున్న ఫండు అయినంత మాత్రాన సరిపోదు. ఆ ఫండు మీ దశలో పెడుతుందా, మీ రంగంలో పెడుతుందా, మీతో నేరుగా పోటీపడే కంపెనీలో ఇప్పటికే పెట్టి ఉందా అన్నవి చూడాలి. ముంబయి కేంద్రంగా పనిచేసే ఆమ్నివోర్ ఫండు వ్యవసాయ సాంకేతికతనే తన రంగంగా ఎంచుకుంది, కాబట్టి మా వంటివారు అక్కడ సాగు గురించి ఓనమాల నుంచి చెప్పనక్కర్లేదు. ఆర్థిక సేవల యాప్‌లలో మాత్రమే పెట్టే ఫండు ముందు బోరు మోటారు గురించి మాట్లాడటం ఇద్దరికీ కాలహరణం.

రుసుము విషయంలో జాగ్రత్త అవసరం. హాలు ఖర్చు, భోజనం ఖర్చు కింద కొద్దిపాటి నమోదు రుసుము తీసుకోవడం మామూలే. కానీ ‘పెట్టుబడి ఖాయం’ అని చెప్పి వేలకు వేలు కట్టమనేవారు వేరే జాతి. నేను రెండోసారి వెళ్ళిన సమావేశానికి 35,000 రూపాయలు కట్టాను. తీరా చూస్తే వేదిక మీద కూర్చున్న ఐదుగురిలో నలుగురు ఫండు మనుషులే కారు, పిచ్ డెక్‌లు అనే స్లైడ్లను తయారు చేసిపెట్టే కన్సల్టెంట్లు. సెబీ వెబ్‌సైటులో నమోదైన నిధుల జాబితాను ఉచితంగా చూడవచ్చు. ఆ పని నేను బస్సెక్కే ముందు చేసి ఉంటే ఆ డబ్బుతో నాలుగు పరికరాలు తయారయ్యేవి.

మూడో అడుగు: కాగితాలు చక్కబెట్టుకోవడం

మన ఊళ్ళలో మొదలైన కంపెనీలు తేలిపోయేది ఎక్కువగా ఇక్కడే. అందుకే దీనికి కనీసం పది వారాల వ్యవధి పెట్టుకోండి.

మొదటిది కంపెనీ రూపం. సొంత పేరున జీఎస్టీ తీసుకుని నడిపే ప్రొప్రైటర్‌షిప్‌లో గాని, భాగస్వామ్య సంస్థలో గాని షేర్లు ఉండవు కాబట్టి వెంచర్ ఫండు కొనడానికి అక్కడ ఏమీ ఉండదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మారాలి, బిల్లులు, బ్యాంకు ఖాతా, సరఫరా ఒప్పందాలు అన్నీ దాని పేరునే ఉండాలి. కంపెనీ ఒక పేరున, అమ్మకాలు మాత్రం పాత దుకాణం పేరున సాగుతున్న వ్యవహారాన్ని ఏ ఆడిటరూ ఒప్పుకోడు.

రెండోది ఎవరి వాటా ఎంత అన్న పట్టిక, దీన్నే క్యాప్ టేబుల్ అంటారు. మావైపు ఒక ఆనవాయితీ ఉంది. కంపెనీ పెట్టడానికి ఇద్దరు డైరెక్టర్లు కావాలని ఆడిటరు అనగానే బావమరిదినో చిన్నాన్న కొడుకునో రాసేసి సగం షేర్లు వాళ్ళ పేరున పెడతారు. మూడేళ్ళ తర్వాత ఆ మనిషి కువైట్‌లో ఉంటాడు, అతని సంతకం లేనిదే తీర్మానం నెగ్గదు. పనిచేయనివారి చేతిలో పెద్ద వాటా ఉన్న కంపెనీని చూసి పెట్టుబడిదారు పక్కకు తప్పుకుంటాడు. కుటుంబంలో మాటామాటా రాకుండా ముందే కూర్చుని, ఆ వాటాను న్యాయమైన ధరకు తిరిగి బదిలీ చేయించుకోండి. స్థాపకుల మధ్య కూడా ఒప్పందం రాసుకోండి. మధ్యలో ఒకరు మానుకుంటే వాటా ఏమవుతుంది, నాలుగేళ్ళలో షేర్లు దశలవారీగా ఎలా సొంతమవుతాయి అన్నవి అందులో ఉండాలి.

మూడోది చేబదుళ్ళు. స్నేహితుల దగ్గర, బంధువుల దగ్గర కంపెనీ కోసం తీసుకున్న నగదు కాగితం మీద ఎలా ఉందో చూసుకోండి. 20,000 రూపాయలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. డైరెక్టరు గాని, డైరెక్టరు బంధువు గాని కాని వ్యక్తుల దగ్గర కంపెనీ పేరున అప్పు తెస్తే అది కంపెనీల చట్టంలోని డిపాజిట్ నిబంధనల కిందికి వచ్చే ప్రమాదమూ ఉంది. ప్రామిసరీ నోటు రాసిచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. కంపెనీ సెక్రటరీ సలహాతో వాటిని తీర్చడమో చట్టబద్ధమైన రూపంలోకి మార్చడమో సదస్సుకు ముందే జరగాలి.

నాలుగోది కోడు ఎవరిది అన్న ప్రశ్న. యాప్ రాసింది జేఎన్‌టీయూలో చివరి సంవత్సరం చదివే కుర్రవాడు, ప్లే స్టోర్ ఖాతా అతని సొంత జీమెయిల్‌తో ఉంది, సర్వరు బిల్లు అతని అన్న క్రెడిట్ కార్డు మీద పోతోంది. ఇది నా కథే. ఆ కుర్రవాడికి ఉద్యోగం వచ్చి పుణె వెళ్ళాక అతనితో హక్కుల బదిలీ పత్రం మీద సంతకం చేయించుకోవడానికి మాకు ఏడు వారాలు పట్టింది. కోడు, డిజైను, సర్క్యూట్ బొమ్మలు, పేరు, డొమైను, అన్నీ కంపెనీకి రాతపూర్వకంగా బదిలీ అయి ఉండాలి.

వీటికి తోడు కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగమైన డిపిఐఐటి నుంచి స్టార్టప్ గుర్తింపు తీసుకోండి. దరఖాస్తు ఉచితం. గుర్తింపు ఉన్న కంపెనీ ఒక్కో మదుపరి నుంచి ఒకే విడతలో 25 లక్షలు, ఆపైన కన్వర్టబుల్ నోటుగా తీసుకోవచ్చు, అది పదేళ్ళలోగా షేర్లుగా మారాలి లేదా తిరిగి చెల్లించాలి. వచ్చిన పెట్టుబడి మీదే పన్ను పడుతుందన్న పాత భయం ఇప్పుడు అక్కర్లేదు. ఏంజెల్ ట్యాక్స్ అని అందరూ పిలిచే ఆ నిబంధనను 2024 జులై బడ్జెట్‌లో తొలగించారు.

నాలుగో అడుగు: చూపించే ముందు పేటెంటు దరఖాస్తు

పరికరంలో నిజంగా కొత్తది ఏదైనా ఉంటే దాన్ని నలుగురి ముందు విప్పి చూపే లోపే తాత్కాలిక పేటెంటు దరఖాస్తు వేయాలి. దరఖాస్తు తేదీకి ముందే బహిరంగమైన ఆవిష్కరణ కొత్తదనాన్ని కోల్పోతుంది. స్టార్టప్‌లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము 1,600 రూపాయలే. పూర్తి వివరణ దాఖలు చేయడానికి ఆ తేదీ నుంచి 12 నెలల గడువు ఉంటుంది. కేవలం కంప్యూటరు ప్రోగ్రాముకు, అల్గారిథానికి మన చట్టంలో పేటెంటు రాదు. పెట్టుబడిదారులతో గోప్యతా ఒప్పందం చేసుకుందామని కొందరు అంటారు గాని, ఒకే రోజు పాతిక కంపెనీలను వినే మనిషి తొలి సమావేశానికి ముందు దాని మీద సంతకం చేయడు. అడిగితే మనమే కొత్తవాళ్ళమని తెలిసిపోతుంది.

ఐదో అడుగు: లెక్కలు నోటికి రావడం

అమ్మకాల పట్టిక ఎక్సెల్‌లో ఉంటే చాలదు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ముందు ఒక్క పరికరం మీద ఏం మిగులుతుందో చూడండి. ఉదాహరణకు పరికరం ధర 8,500 అనుకుందాం. విడిభాగాలు, పెట్టె, సిమ్ము కలిపి 5,200, బిగించే ఎలక్ట్రీషియనుకు 600, డీలరు కమీషను 1,000 పోగా 1,700 మిగులుతుంది. చాలామంది ఇక్కడే ఆగి లాభం 20 శాతం అంటారు. తొలి ఏడాదిలో సగటున రెండుసార్లు తోటకు వెళ్ళి చూడవలసి వచ్చి, ఒక్కో రాకపోకకు 350 ఖర్చయితే, చేతిలో మిగిలేది 1,000 రూపాయలు. ఆ రెండు రాకపోకలను ఒకటికి ఎలా తగ్గిస్తారో చెప్పగలిగినవాడిని పెట్టుబడిదారు శ్రద్ధగా వింటాడు. ఎందుకంటే తన డబ్బు పరికరాలు అమ్మడానికి ఖర్చవుతుందో, అమ్మినవాటి వెంట తిరగడానికి ఖర్చవుతుందో ఆ జవాబులోనే తెలుస్తుంది.

మార్కెట్ పరిమాణం చెప్పేటప్పుడు ‘దేశంలో ఇన్ని కోట్ల మంది రైతులు, అందులో ఒక్క శాతం మాకు వచ్చినా’ అని మొదలుపెట్టకండి. ఆ వాక్యం ఆ హాలులో ఆ ఉదయం అప్పటికే నాలుగుసార్లు వినిపించి ఉంటుంది. కింది నుంచి కట్టుకుంటూ రండి. ఒక మండలంలో డ్రిప్పు ఉన్న తోటలు ఎన్ని, వాటిలో త్రీఫేజ్ బోర్లు ఎన్ని, రైతు ఏ నెలలో చేతిలో డబ్బుతో ఉంటాడు, ఒక డీలరు నెలకు ఎన్ని అమ్మగలడు అన్నవి కలిపితే వచ్చే అంకె చిన్నదే అయినా నమ్మదగినది.

తర్వాత అడగబోయే మొత్తం. ఎంత కావాలి అన్నదానికి జవాబు ‘పద్దెనిమిది నెలల్లో ఏ మెట్టు ఎక్కడానికి ఎంత’ అన్న రూపంలో ఉండాలి. కోటిన్నర అడుగుతున్నారు, పెట్టుబడికి ముందు కంపెనీ విలువ 6 కోట్లు అంటున్నారు అనుకుందాం. పెట్టుబడి తర్వాత విలువ 7.5 కోట్లు, కొత్తవారి వాటా 20 శాతం. ఇంతవరకు అందరికీ తెలుసు. అయితే ఉద్యోగులకు ఇవ్వడానికి, పెట్టుబడి తర్వాతి మొత్తంలో 10 శాతం అయ్యేలా షేర్లను పెట్టుబడికి ముందే పక్కన పెట్టమని ఫండు అడుగుతుంది. అది స్థాపకుల వాటాలోంచే పోతుంది కాబట్టి మీకు మిగిలేది 70 శాతం, అంటే 7.5 కోట్లలో 5.25 కోట్లు. పైకి 6 కోట్లు అన్న విలువ మీ వరకు వచ్చేసరికి 5.25 కోట్లయింది. ఈ తేడా హాలులో కాకుండా ఇంటి దగ్గరే తెలుసుకుని వెళ్ళాలి.

ఆరో అడుగు: స్లైడ్లు, భాష

పది పన్నెండు స్లైడ్లకు మించవద్దు. సమస్య, దానికి ఇప్పుడు రైతు చేస్తున్న ఉపాయం, మీ పరికరం, ఇప్పటిదాకా అమ్మకాలు, ఒక్క పరికరం లెక్క, మార్కెట్, పోటీదారులు, మీ బృందం, అడిగే మొత్తం, అంతే. ‘మాకు పోటీయే లేదు’ అని మాత్రం రాయకండి. కరెంటు రాగానే మోటారును తానే ఆన్ చేసే, వందల రూపాయలకు దొరికే ఆటో స్టార్టరే మా అసలు పోటీదారు అని నేను ఆలస్యంగా ఒప్పుకున్నాను.

ఇంగ్లీషు గురించి మన పిల్లలకు ఉండే బెరుకు నాకు తెలుసు. కంఠస్థం చేసిన ఇంగ్లీషు మొదటి ప్రశ్నకే చెదిరిపోతుంది. చిన్న వాక్యాలతో, మీకు వచ్చిన మాటల్లోనే చెప్పండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి, అందులో నామోషీ లేదు. నా స్లైడ్లన్నిటికంటే బాగా పనిచేసింది నలభై సెకన్ల వీడియో. నార్పల దగ్గర ఒక రైతు చీనీ చెట్టు కింద నిలబడి, ఫోను చూపిస్తూ, ‘ఇంతకుముందు రేత్రి కరెంటు వచ్చినప్పుడల్లా లేసి పోవాల్సి వస్తాండె అప్పా, ఇప్పుడు మంచం మీద పండుకొనే ఆన్ చేస్తాండా’ అన్నాడు. కింద ఇంగ్లీషులో ఒక వరుస వేశాం. హాలులో ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలెత్తింది అప్పుడే.

ఏడో అడుగు: ప్రయాణం, సరంజామా

అనంతపురం నుంచి బెంగళూరు 44వ జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి తొమ్మిదికి హాలులో ఉంటామనే ధీమా హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో కరిగిపోతుంది. ముందు రోజు సాయంత్రానికే చేరుకోండి. కర్నూలువారికి అదే రహదారి మీద ఉత్తరాన దాదాపు అంతే దూరంలో హైదరాబాద్ ఉంది. కడపవారు బెంగళూరు, చెన్నైలలో ఏది తమ రంగానికి దగ్గరో చూసుకుని వెళ్ళాలి.

పరికరం చూపించేవారికి ఒక హెచ్చరిక. మొదటి సదస్సులో మేము అసలు స్టార్టరు డబ్బానే మోసుకుపోయాం. బల్ల మీద పెట్టి ప్లగ్గు పెడితే ఒక ఎర్ర లైటు వెలిగింది, పక్కనున్న పసుపు, నీలం లైట్లు వెలగలేదు. ఫోనులో ఆన్ నొక్కితే టక్కుమని రిలే కొట్టుకోవాలి, కొట్టుకోలేదు. హోటలు హాలులో ఉండేది సింగిల్ ఫేజ్ కరెంటు. మూడు ఫేజుల్లో ఒకటే అందితే మోటారు కాలిపోకుండా ఆన్ కావడానికి నిరాకరించడమే మా పరికరం గొప్పతనం. అది తన పని తాను సరిగ్గా చేసింది. నాకు మాత్రం ఆ మాట అక్కడ తట్టలేదు. చెమటలు పట్టి వైర్లు పీకి మళ్ళీ పెడుతూ ఉండిపోయాను. తిరుగు ప్రయాణంలో పెనుకొండ దాటాక తట్టింది. అప్పటి నుంచి మేము మూడు ఫేజులను అనుకరించే చిన్న బోర్డు ఒకటి, సొంత హాట్‌స్పాట్ ఒకటి, పని చేస్తున్నప్పుడు తీసిన వీడియో ఒకటి వెంట తీసుకుపోతున్నాం. ఏ హాలు వైఫైనీ నమ్మడం మానేశాం.

ఎనిమిదో అడుగు: ఆ రోజు

మీ వంతు మధ్యాహ్నమైనా ఉదయం మొదటి మాట నుంచే కూర్చుని వినండి. ఎవరు ఎలాంటి ప్రశ్నలు వేస్తున్నారో రాసుకుంటే మీ వంతు వచ్చేసరికి సగం ప్రశ్నలు తెలిసే ఉంటాయి. మొదటి అర నిమిషంలోనే ఏం చేస్తారో, ఎవరికి అమ్ముతారో, ఇప్పటికి ఎన్ని అమ్మారో చెప్పేయండి. తెలియని సంగతి అడిగితే ‘లెక్క చూసి శుక్రవారంలోగా పంపుతాను’ అనండి, పంపండి. అక్కడికక్కడ ఊహించి చెప్పిన అంకె తర్వాతి పరిశీలనలో దొరికిపోయి మిగిలిన నిజాలన్నిటినీ అనుమానంలో పడేస్తుంది.

అనంతపురంలోనే ఎందుకు ఉన్నారు, బెంగళూరుకు మారతారా అని తప్పకుండా అడుగుతారు. దీనికి అభిమానంతో కాకుండా లెక్కతో జవాబివ్వాలి. కొనేవాళ్ళు, పరీక్షించే తోటలు, తక్కువ అద్దె ఇక్కడ ఉన్నాయి, అమ్మకాల ముఖ్యుడిని కావాలంటే అక్కడ నియమిస్తాం అంటే సరిపోతుంది.

టీ విరామంలో అందరి చేతుల్లో కార్డులు పెట్టుకుంటూ తిరగడం కంటే ముందే ఎంచుకున్న ముగ్గురితో నిదానంగా మాట్లాడటం లాభం. ఫండు తరఫున వచ్చిన కుర్ర అసోసియేటును చిన్నచూపు చూడకండి. మీ ఫైలు లోపలికి వెళ్ళేది చాలాసార్లు అతని చేతి మీదుగానే.

తొమ్మిదో అడుగు: తిరిగి వచ్చాక

ఇరవై నాలుగు గంటల్లోగా, మాట్లాడిన సంగతిని గుర్తుచేస్తూ, అడిగిన అంకెను జతచేస్తూ చిన్న మెయిలు పంపండి. ఆపైన నెలకొకసారి అమ్మకాలు, కొత్త డీలర్లు, ఎదురైన ఇబ్బంది ఒకటి, పది వాక్యాల్లో రాసి పంపుతూ ఉండండి. ‘మీరు ఇంకా మరీ తొలి దశలో ఉన్నారు’ అన్న జవాబు మర్యాదగా చెప్పిన ‘కాదు’ అన్నమాట. అయినా నెలనెలా వెళ్ళే ఆ మెయిలు చూసి ఎనిమిది నెలల తర్వాత పిలిచినవారు మాకు ఉన్నారు.

ఆసక్తి చూపినవారు డేటా రూమ్ అడుగుతారు. మూడో అడుగులో సర్దుకున్న కాగితాలను ఒక ఆన్‌లైన్ ఫోల్డరులో విభాగాల వారీగా పెట్టి, చూసే అనుమతి మాత్రమే ఇవ్వండి. డ్యూ డిలిజెన్స్‌లో (డబ్బు పెట్టే ముందు జరిపే పరిశీలనలో) మీ డీలర్లకు, రైతులకు వాళ్ళు నేరుగా ఫోను చేస్తారు. ముందే వాళ్ళకు చెప్పి ఉంచండి గాని ఏం చెప్పాలో నేర్పకండి. ఫండు కొనే షేర్లు డీమ్యాట్ (ఎలక్ట్రానిక్) రూపంలో ఉండాలి కాబట్టి కంపెనీ షేర్లను గుర్తించే ఐఎస్ఐఎన్ నంబరు తీసుకునే పని కూడా ఈ దశలోనే మొదలుపెట్టాలి, దానికి కొన్ని వారాలు పడుతుంది.

పదో అడుగు: టర్మ్ షీటు చదవడం, డబ్బు తీసుకోవడం

అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ అమ్మిన రైతుకు టన్ను ధర ఒక్కటే తెలిస్తే చాలదు, ‘సూటు’ పేరుతో తూకంలో ఎంత తీసేస్తారో కూడా తెలియాలి. పెట్టుబడి షరతులు రాసిన టర్మ్ షీటులో వాల్యుయేషను, అంటే కంపెనీకి కట్టిన విలువ, టన్ను ధరలాంటిది. సూటు ఎక్కడుందో తర్వాతి పేజీల్లో వెతకాలి.

అన్నిటికంటే ముందు చూడవలసింది కంపెనీ అమ్ముడుపోయినప్పుడు ఎవరికి ముందు డబ్బు అందుతుందో చెప్పే లిక్విడేషన్ ప్రిఫరెన్స్. పై ఉదాహరణలోని ఫండు కోటిన్నర పెట్టి 20 శాతం తీసుకుంది, కంపెనీ 5 కోట్లకే అమ్ముడుపోయింది అనుకుందాం. ఒక రెట్టు, భాగస్వామ్యం లేని పద్ధతిలో ఫండు తన కోటిన్నరను గాని, 20 శాతం వాటాకు వచ్చే కోటిని గాని, ఏది ఎక్కువైతే అది తీసుకుంటుంది. మిగిలిన 3.5 కోట్లు ఇతరులకు. భాగస్వామ్యం ఉన్న పద్ధతిలో కోటిన్నర ముందే తీసుకుని, మిగిలిన 3.5 కోట్లలో మళ్ళీ 20 శాతం, అంటే 70 లక్షలు తీసుకుంటుంది. ఒకే వాల్యుయేషను, ఒకే అమ్మకం ధర, అయినా మీ వైపు 70 లక్షల తేడా. మొదటి పద్ధతిని ఒప్పుకోండి, రెండోదాని మీద గట్టిగా బేరమాడండి. బోర్డులో సీట్లు ఎవరికి ఎన్ని, ఏయే నిర్ణయాలకు ఫండు అనుమతి కావాలి, తర్వాతి విడత తక్కువ ధరకు జరిగితే వారి వాటాను ఎలా సర్దుబాటు చేస్తారు అన్నవి ఆ తర్వాతి వరుసలో చూడాలి. దీనికి పెట్టుబడి ఒప్పందాలు చూసిన లాయరు కావాలి. భూమి దావాలు చూసే మన ఊరి ప్లీడరు ఎంత తెలివైనవారైనా ఈ పని వారిది కాదు.

టర్మ్ షీటు మీద సంతకాలయ్యాక వచ్చే షేర్ల ఒప్పందాల తర్వాత డబ్బు వస్తుంది. ఇక్కడ 2013 కంపెనీల చట్టంలోని 42వ సెక్షను ప్రకారం నడవాలి. షేరు ధరను రిజిస్టర్డ్ వాల్యుయరు నివేదిక సమర్థించాలి, ఆఫరు లేఖ నిర్ణీత ఫారంలో వెళ్ళాలి, సొమ్ము మదుపరి సొంత బ్యాంకు ఖాతా నుంచే రావాలి, దాన్ని ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచాలి. డబ్బు అందిన 60 రోజుల్లోగా షేర్లు కేటాయించకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీ పడుతుంది. కేటాయించిన 15 రోజుల్లోగా, ఆ కేటాయింపు వివరాలు తెలిపే పాస్-3 ఫారం దాఖలు చేయాలి, అది దాఖలయ్యేదాకా ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా వాడకూడదు. జీతాల తేదీ దగ్గరపడినా, విడిభాగాల సరఫరాదారు రోజూ ఫోను చేస్తున్నా ఈ నియమం మారదు. అందువల్ల ఆ నెల ఖర్చులకు సరిపడా డబ్బును పాత ఖాతాలో విడిగా ఉంచుకుని, ఫారానికి కావలసిన తీర్మానాలన్నిటినీ డబ్బు రాకముందే కంపెనీ సెక్రటరీ చేత సిద్ధం చేయించుకోండి.